చెయ్యి తిరగడం

వ్సెతీన్‌లో మంచు కరిగే నెల.
గ్యారేజీ రేకు తలుపు కింద నుంచి
బెచ్వా నది చలి పాకుతూ వచ్చి
నా చీలమండల్ని తడుముతోంది.
బల్ల మీద చిన్న లేత్.
పక్కన రెండువందల నలభై ఇత్తడి ముక్కలు,
ఒక్కొక్కటీ ఏదో ఒక అకార్డియన్ మెట్టు కింద
దాక్కోబోయే మేకు.

మేకుకి మూడు కత్తులు.
మొహం చదును చేసేది,
ఒళ్ళు చెక్కేది,
చివరికి బొడ్డు కోసి వేరుచేసేది.
మీట ఎత్తు, తల తిప్పు, మీట దించు.
రెండువందల నలభైని మూడుతో హెచ్చవేస్తే ఎంతో
నా కుడి భుజాన్ని అడగండి.
మిగతాదంతా కంప్యూటరే చూసుకుంటుంది,
మిల్లీమీటరులో నూరోవంతు తేడా రానివ్వదు.
కత్తి మార్చాల్సిన చోట మాత్రం
ఠక్కున ఆగి నా వంక చూస్తుంది,
బూటు తాడు కట్టమని కాలు చాపే పిల్లాడిలా.

ఓట్‌మార్ ముప్పయ్యేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు.
"తిప్పడం ఎవడికైనా వచ్చు, ఆపడమే విద్య" అంటాడు.
పాత ష్కోడా కారు వైపర్ మోటారు తెచ్చాడు,
వానల్ని మరిచిపోయిన మోటారు.
అరిగిన ఆకురాయిని నూరి
పళ్ళచక్రానికి నాలుక చేశాడు.
నాలుగు అయస్కాంతాలు, గోరంత సెన్సారు,
జిగురు ఆరేదాకా ఊదుతూ నేను.

మొదటి రోజు ఆగలేదు.
తలకాయ గిర్రున తిరిగి తిరిగి
మూడో కత్తి చక్ దవడకి కొట్టుకుంది.
విరిగిన ముక్క ఎగిరి గోడ క్యాలెండరులో
మార్చి పన్నెండున దిగబడింది.
ఇద్దరం నేల మీద కూర్చుని ఆ తేదీనే చూశాం.
పై కిటికీలోంచి అతని భార్య,
"బ్లాజెనా, బతికే ఉన్నారా?"
"మేం ఉన్నాం, కత్తే పోయింది."

రెండో రోజు ఆగింది కానీ కుదురు లేదు.
గోటితో నెడితే వెంట్రుకవాసి కదిలేది,
ఇత్తడి మీద అలలు పడేవి.
అప్పుడు తెలిసింది.
తల తన చోటు దాటి కాస్త ముందుకు పోవాలి.
నాలుక పంటి వెనక టిక్కున పడాలి.
అప్పుడు మోటారు వెనక్కి తిరిగి
తలని ఆ నాలుకకేసి అదమాలి.
దాటిపోయి వెనక్కొస్తేనే నిలకడ.
ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు,
ప్రాగ్‌లో పదకొండు నెలలుండి వచ్చినదాన్ని.

ఎంతసేపు అదమాలన్నదే పేచీ.
తక్కువైతే పట్టు దొరకదు,
ఎక్కువైతే మోటారు కాలుతుంది.
ఒకటి కాలింది కూడా.
మూడు రోజులు నా స్వెటరుకి ఆ వాసన.

ఇవాళ తనంతట తానే చేసుకుంటోంది.
టీ పోసుకుని కుర్చీలో కూర్చున్నాను.
ఈ లేత్ ముందు కూర్చోవడం
తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.
చదును. టిక్. చెక్కు. టిక్.
డబ్బాలో మేకు పడిన చప్పుడు.
ఉంగరాలు ఉంగరాలుగా రాలే ఇత్తడి పొట్టు.
టిక్కుమన్న ప్రతిసారీ
నా కుడిచెయ్యి కప్పు వదిలి
గాలిలో లేని మీటని ఎత్తుతోంది.

చెయ్యి తిరిగిన పనిమంతురాలని
ఫ్యాక్టరీలో నాకు పేరు.
ఇక తిరగడం మానుకోమని
ఆ చేతికి ఏ వైరు గుండా చెప్పాలో
ఓట్‌మార్‌కీ తెలీదు.

కత్తి మారాక కోత మొదలయ్యేలోపు
అర సెకను ఆగితే చాలు, అతను కొలిచి చెప్పాడు.
నేను ఒకటిన్నర రాశాను.
"ఎందుకా ఎక్కువ సెకను?
మొత్తం మీద పన్నెండు నిమిషాలు దండగ,"
స్క్రూడ్రైవరు జేబులో దోపుకుంటూ అడిగాడు.
చలి కదా, నూనె చిక్కబడింది, అన్నాను.

అతను లిఫ్టుల మనిషి.
తలుపులు మూసుకునే ముందు
పరిగెత్తుకొచ్చే ఎవరికోసమో
కాసేపు ఆగాలని ఎరిగినవాడు.
మళ్ళీ అడగలేదు.